ఆకుపచ్చ బండిలో ముందు సీటు

కన్నతండ్రి గురించి ఇలా అనకూడదు గానీ, ఓట్టోకార్ లేనర్ట్‌తో కలిసి కారెక్కడం కన్నా ఆగిపోయిన లిఫ్టులో హంతకులతో ఇరుక్కోవడమే సుఖమని గుడ్రున్ అభిప్రాయం. ఆమె రెండూ చేసి చూసింది కాబట్టి ఆ మాట అనే హక్కు ఆమెకుంది.

ఓట్టోకార్ ముప్పయ్యొక్కేళ్లు అల్లర్లనణిచే పోలీసు దళంలో గ్రూపు లీడరు. రిటైరై పదకొండేళ్లయినా ఆ సంగతి ఆయనకెవరూ గట్టిగా చెప్పినట్టు లేదు. ఇంట్లో ఉన్నది ఒక్క పాత ఓపెల్ కారు. అందులో ఎవరెక్కడ కూర్చోవాలో ఎప్పుడో నిర్ణయమైపోయింది. మేనత్త వెనక ఎడమ, కుక్క మధ్యలో. కూతురు స్టీరింగు పట్టుకోవాలి. ఆయన ముందు కుడివైపు. అందరూ ఎక్కాక ఆయన వెనక్కి చూడకుండా, అద్దంలోంచి రోడ్డుకేసి చూస్తూ, "ఒకటి, రెండు, మొత్తం మూడు" అని ప్రకటిస్తాడు. అంటే లీడరు ఒకరు, సిబ్బంది ఇద్దరు. కుక్క లెక్కలోకి రాదు. ఒకసారి మేనత్త జాలిపడి కుక్కను కలిపి నలుగురంటే రెండు వారాలు ఆవిడతో మాట్లాడలేదు.

ఆ ఆదివారం పొద్దున కారు బాన్‌లో ఫుట్‌బాల్ మైదానం పక్కనుంచి వెళుతోంది. దారి సగం మూసి ఆగి ఉన్న ఆకుపచ్చ పోలీసు వాహనాన్ని చూసి గుడ్రున్, మాన్‌షాఫ్ట్స్‌వాగెన్ అడ్డంగా పెట్టారు, పక్కనుంచి పోదామంది. ఓట్టోకార్ చెయ్యి చాపి ఇంజను ఆపేశాడు.

"లోపల ఎవరైనా ఉన్నారా?"

"లేరు."

"అయితే అది బస్సు. ఏమే, నలభై నాలుగేళ్లొచ్చాయి, ఆ మాట ఎప్పుడు వాడాలో తెలీదా నీకు?"

తర్వాత పది నిమిషాలు పాఠం. పేపరువాళ్లు పోలీసులున్న ప్రతి డొక్కు బండికీ ఆ పేరు పెట్టేస్తారట. ఫైరింజను వాళ్లు ఆ మాట తమదేనంటారట. సరుకు మోసేది సరుకు బండి, ఖైదీల్ని మోసేది ఇంకోటి. మాన్‌షాఫ్ట్ అంటే నలుగురు మగాళ్లని కాదు, జట్టని. జట్టు లోపలుంటేనే బండికి ఆ పేరు. ఎవరి సీటు వాళ్లది, ఎవరి పని వాళ్లది. తలుపు పక్కవాడు ముందు దిగాలి. లీడరు మాత్రం డ్రైవరు పక్కనే, వైర్‌లెస్ మోకాలికి తగిలేలా కూర్చోవాలి. తన మనుషులు చూడబోయేది తను ముందు చూడాలి, గుండు వస్తే తనకు ముందు తగలాలి. 

"వెనక కూర్చుని ఆర్డర్లేసేవాడు లీడరు కాదు, లగేజీ," అని ముగించాడాయన.

సరిగ్గా అప్పుడే గుడ్రున్ నడుముకున్న పేజర్ మూడుసార్లు గుర్రుమంది. బయటి లోకానికి ఆమె గణాంక శాఖలో గుమాస్తా. గణాంక శాఖ ఆదివారం పిలవదని తండ్రికి తెలుసు. ఆయన కారు దిగి, మేనత్తనూ కుక్కనూ దింపుకుని ట్రాము స్టాపుకేసి నడిచాడు.

ఫోల్క్‌మార్ ఒక బేకరీ గుమ్మంలో పడి ఉన్నాడు. వేడి బన్నుల సంచి చేతిలోనే ఉంది. వాటి మీద నువ్వులూ రక్తమూ కలిసిపోయాయి. వీపులో రెండు, చెవి వెనక ఒకటి. సైలెన్సర్ పెట్టి కాల్చారు కాబోలు, క్యూలో నిలబడ్డ ఏడుగురిలో ఒక్కరికీ చప్పుడు వినపడలేదు. తొమ్మిదేళ్లు గుడ్రున్‌తో కలిసి పనిచేసిన మనిషి. ఆమె వంగి అతని కళ్లు మూసింది, కోటు లోపలి జేబు తడిమింది. ఖాళీ.

గంట తర్వాత కొలోన్‌లో, పేరు బోర్డు లేని ఆఫీసులో, చీఫ్ స్ట్రోట్‌మాన్ బ్రీఫింగ్ మొదలుపెట్టాడు. అతను పొట్టి మనిషి, మాటలు ఇంకా పొట్టి.

"ఆపరేషన్ నీలిపువ్వు. రేపు పొద్దున."

విషయం ఇది. ఇంజినీరు రాబె అనే ఆయన సరిహద్దు అవతలి నుంచి మూడు వారాల క్రితం పారిపోయి వచ్చాడు. ఆయన తలలో పదకొండు పేర్లున్నాయి. ఆయన్ను దాటించినవాళ్లు, ఇంకా అక్కడే భార్యాపిల్లలతో బతుకుతున్నవాళ్లు. ఆ పేర్లు ఆయన ఇక్కడెవరికీ చెప్పలేదు, చెప్పనన్నాడు. అవతలి ముఠాకు ఆయన శవం అక్కర్లేదు, ప్రాణాలతో కావాలి. దొరికితే రెండు రోజుల్లో పేర్లు కక్కిస్తారు. మూడో రోజు పదకొండు మందినీ గోడకు నిలబెడతారు. రేపు రాబెను ఆండర్‌నాఖ్ దగ్గరి రహస్యగృహం నుంచి విమానాశ్రయానికి చేర్చాలి. గుడ్రున్ ఎస్కార్ట్ కమాండర్.

"చెయ్యి దాటిపోతోందనిపిస్తే, ఫ్రౌ లేనర్ట్..." అని ఆగాడు స్ట్రోట్‌మాన్.

"ఆయన్ని నేనే కాల్చాలి."

"ఆయనే అడిగాడు. సంతకం పెట్టి ఇచ్చాడు."

దారులు రెండు. ఒకటి రైన్ నది ఒడ్డున, రెండోది కొండల మీది హైవే. ఫోల్క్‌మార్ చనిపోవడానికి నలభై నిమిషాల ముందు ఒక సందేశం ఫోన్‌లో చెప్పాడు: నది దారిన రావద్దు, ముఠా అక్కడ యూనిఫాంలతో సహా సిద్ధంగా ఉంది, కొండ దారిలో వాళ్లకేమీ లేదు. ఆ సందేశం అతనికిచ్చింది రోజలిండ్.

ఆ పేరు గుడ్రున్‌కు గిట్టదు. రోజలిండ్ ముఠా మనిషి, మూడేళ్లుగా ఇటు కూడా మనిషే. ఎర్ర జుట్టు, నక్కబొచ్చు కోటు, గది దాటినా వదలని సెంటు. వియన్నాలో ఒక రాత్రి విందులో ఇద్దరు రాయబారులు ఆమె చేతి తొడుగు కోసం కొట్టుకున్నారని ఆఫీసులో చెప్పుకుంటారు. గుడ్రున్ ఆమెను నాలుగుసార్లు కలిసింది. నాలుగుసార్లూ రోజలిండ్ ఆమె బూట్లకేసి చూసి జాలిగా నవ్వింది.

గుడ్రున్ వాదన సూటిగా ఉంది. ఫోల్క్‌మార్ ఆ మనిషిని కలిశాడు, నలభై నిమిషాల్లో చచ్చిపోయాడు. ఆమె నది వద్దంటోందంటే మనల్ని కొండల మీదికి తోలాలని చూస్తోందన్నమాట. అక్కడ పన్నెండు వంతెనలున్నాయి, ఏ వంతెన కింద ఏముందో ఎవరికి తెలుసు? స్ట్రోట్‌మాన్ ఒప్పుకోలేదు. ఆమె ఇంతవరకూ ఒక్క అబద్ధం చెప్పలేదన్నాడు. ఒక్కటి దాచుకుని ఉంటుంది, దాన్ని రేపటికి వాడుతుందంది గుడ్రున్. చివరికతను చేతులెత్తేశాడు.

"కమాండర్ మీరు. దారి మీ ఇష్టం, బాధ్యతా మీదే. నది దారే అంటున్నారు కాబట్టి, మీకు తోడుగా క్రిప్ రేవు దగ్గర ఒక మాన్‌షాఫ్ట్స్‌వాగెన్ కలుస్తుంది."

"బలం ఎంత?"

"ఒకటి, ఎనిమిది, మొత్తం తొమ్మిది," అన్నాడు అతను తడుముకోకుండా. అతనూ ఒకప్పుడు ఆ బండ్లలో తిరిగినవాడే.

కింద టెక్నికల్ సెక్షన్‌లో ఆమెకు కాఫీ ఫ్లాస్కు ఇచ్చారు. పైమూత కుడికి తిప్పితే కాఫీ, ఎడమకు తిప్పితే మూడు సెకన్లలో దట్టమైన పొగ. కాఫీ బాగుండదని ముందే హెచ్చరించారు.

సోమవారం తొమ్మిదిన్నరకు ఎండ బాగా కాస్తోంది. ముందు మోటారుసైకిల్ మీద కెర్‌స్టెన్ అనే పోలీసు, వెనక బూడిదరంగు మెర్సిడెస్. హెన్నింగ్ నడుపుతున్నాడు. అతను ఇరవయ్యేళ్ల అనుభవమున్న డ్రైవరు, మాట్లాడితే స్పీడు తగ్గుతుందని నమ్మేవాడు. వెనక సీట్లో రాబె ఒళ్లో టోపీ పెట్టుకుని ద్రాక్షతోటలు చూస్తున్నాడు. గుడ్రున్ ముందు కుడివైపు కూర్చుంది. 

క్రిప్ రేవులో పడవ అవతలి ఒడ్డున ఉంది. నీళ్లలోకి దిగే రాతి ర్యాంపు పైన, మూతి నదికేసి పెట్టి, ఆకుపచ్చ వాహనం ఆగి ఉంది. నంబరు సరైనదే. తెల్ల హెల్మెట్లూ డాళ్లూ కూడా సరిగ్గానే ఉన్నాయి. గుడ్రున్ దిగి నడిచింది. డ్రైవరు హెల్మెట్ అద్దం దించుకుని తిన్నగా ముందుకే చూస్తున్నాడు. అతని పక్కన మీసాలు సరిగా రాని కుర్ర కానిస్టేబుల్ ఒకడు వైర్‌లెస్‌ను మోకాళ్ల మధ్య దూర్చుకుని అవస్థపడుతున్నాడు.

పక్క తలుపు జారింది. వెనక బెంచీ మీంచి, ఇద్దరు దారి ఇవ్వగా, భుజాన మూడు నక్షత్రాలున్న పెద్దమనిషి తాపీగా దిగాడు.

"ఎండకు నీలిపువ్వు వాడిపోతుందేమో," అన్నాడు.

"నీడలో పెడతాం," అంది గుడ్రున్. కోడ్ తప్పలేదు. గుర్తింపు కార్డు చూపించాడు, అందులోనూ తప్పులేదు.

అయినా ముప్పయ్యేళ్లు ఒక మనిషి పక్కన కూర్చుని వినీ వినీ విసిగిపోయిన మాట ఒక్కసారిగా నోటికొచ్చింది.

"బలం ఎంత?" అని అడిగింది మామూలుగా.

అతను వెనక్కి తిరిగి చూశాడు. వేలితో గాలిలో లెక్కపెట్టాడు. 

"ఎనిమిది... నాతో తొమ్మిది మంది."

ఈ దేశంలో ఏ లీడరూ తన మనుషుల్ని వెనక్కి తిరిగి లెక్కపెట్టడు. నిద్రలో లేపి అడిగినా ఆ మూడు అంకెలూ వరసగా చెబుతాడు. పైగా ఈయన బెంచీ మీంచి దొరబాబులా దిగాడు. 

గుడ్రున్ నవ్వింది. "పాపం ఎండలో ఉన్నారు. హెన్నింగ్, ఆ ఫ్లాస్కు ఇటివ్వు, తలా కాస్త కాఫీ పోద్దాం."

ఆమె నాలుగడుగులు వెనక్కి వేయగానే హెన్నింగ్ కారు అద్దం దించి ఫ్లాస్కు అందించాడు. రెండో చేత్తో చప్పుడు కాకుండా రివర్స్ గేరు వేశాడు. ఇరవయ్యేళ్ల అనుభవమంటే అదే. ఆమె మూత ఎడమకు తిప్పింది.

మోటారుసైకిల్ మీది కెర్‌స్టెన్‌కు కాఫీ సంగతి చెప్పి ఉంచారు. అతని చెయ్యి పిస్తోలు మీదికి ఒక్క క్షణం ముందుగా పోయింది. మూడు నక్షత్రాల మనిషి ఆలోచించకుండా అతని గొంతులో కాల్చాడు. కెర్‌స్టెన్ బండితో సహా పక్కకు ఒరిగిపోయాడు. గుడ్రున్ ఫ్లాస్కును నక్షత్రాల మనిషి ముఖాన విసిరి నేలమీదికి దూకింది. బుస్సుమని తెల్లటి పొగ రేవంతా కమ్మేసింది.

మెర్సిడెస్ వెనక్కి దూసుకుపోయింది. మెషిన్‌గన్ ఒకటి దగ్గింది. ముందు టైర్లు పేలి, కారు గిర్రున తిరిగి ద్రాక్షతోట గోడకు గుద్దుకుంది. రెండో వరస గుళ్లు అద్దంలోంచి వెళ్లి హెన్నింగ్ ఛాతీలో దిగాయి. అతను స్టీరింగు వదల్లేదు. హారను ఆగకుండా మోగుతూనే ఉంది.

పొగలోంచి పరిగెత్తుకొచ్చిన వాడొకడు గుడ్రున్‌ను తన్నుకుని పడ్డాడు. ఆమె వాడి హెల్మెట్ పట్టీని మెలిపెట్టి మెడ విరిచింది. ఇంకొకడు డాలుతో ఆమె భుజం మీద బాదాడు. ఎముక చిట్లిన చప్పుడు ఆమెకే వినపడింది. ఎడమచెయ్యి వేలాడిపోయింది. కుడిచేత్తో డాలు కిందనుంచి వాడి మోకాల్లో కాల్చింది, వాడు ఒంగగానే నోట్లో కాల్చింది. మెషిన్‌గన్ చప్పుడుకేసి కాలుస్తూ గోడ దగ్గరికి పాకేసరికి కారు వెనక తలుపు ఊడి వేలాడుతోంది. సీటు మీద టోపీ ఒక్కటే ఉంది.

గాలికి పొగ పలచబడింది. ముప్పయి అడుగుల దూరంలో ఇద్దరు రాబెను రెక్కలు పట్టి ఈడ్చుకుపోతున్నారు. ఆయన బూటు ఒకటి ఊడిపోయింది. నక్షత్రాల మనిషి అప్పటికే ఎక్కి తన వెనక బెంచీ మీద కూర్చుని, కానివ్వండంటూ తొడ మీద చరుస్తున్నాడు. మిగతావాళ్లు లోపలికి దూకారు. ఇద్దరిలో ఒకడు ముందెక్కి రాబె చొక్కా పట్టి లాగుతున్నాడు, రెండోవాడు వెనకనుంచి నడుం పట్టుకుని తోస్తున్నాడు.

గుడ్రున్ పిస్తోలులో ఒక్క గుండు మిగిలింది. ఆమె గోడకు ఆనుకుని చెయ్యి నిలబెట్టింది. రాబెను పట్టుకున్నవాళ్లు ఇద్దరు, ముఠాలో మిగిలినవాళ్లు మొత్తం ఏడుగురు, తన దగ్గర ఒక్క గుండు. ఈ గుండుతో ఆగే పని ఒక్కటే. రాబె మెడ తిప్పి ఆమెకేసి చూశాడు. ముఖంలో భయం లేదు, తొందర ఉంది. క్షవరం కుర్చీలో కూర్చున్నవాడిలా కొద్దిగా తల వంచి, ఊఁ అన్నట్టు ఊపాడు. పదకొండు పేర్లు ఆ తలలోనే ఉన్నాయి. ఆమె ఆయన చెవి పైభాగాన గురిపెట్టి ట్రిగ్గర్ సగం దాకా నొక్కింది.

ఆకుపచ్చ బండి గాండ్రించి ఒక్కసారిగా ముందుకు దూకింది.

ర్యాంపు పల్లానికి అది గుర్రంలా ఎగిరింది. జారుడు తలుపు దడాలున వెనక్కి కొట్టుకుంది. చొక్కా పట్టుకున్నవాడి చేతిలో చొక్కా ముక్క మిగిలింది. రాబె నడుం పట్టుకున్నవాడితో కలిసి రాళ్ల మీద పడి దొర్లాడు. వాడు లేచి మోకాలు ఆయన మెడ మీద వేసి, కదిలితే పొడుస్తానన్నట్టు కత్తి దూశాడు. గుడ్రున్ చెయ్యి రెండంగుళాలు కుడికి జరిగింది. ట్రిగ్గర్‌లో మిగిలిన సగం నొక్కింది. రాబె కోసం దాచిన గుండు వాడి కంట్లో దిగింది.

బండిలో కాల్పులు, కేకలు. డ్రైవరు తలుపు తెరుచుకుంది, ఒక శరీరం రాళ్ల మీద పడి మూడు పొర్లు పొర్లింది. మాన్‌షాఫ్ట్స్‌వాగెన్ అదే ఊపులో రైన్‌లోకి వెళ్లి, మూతి ముందు ముంచి, తోక పైకెత్తి, ప్రవాహానికి పక్కకు తిరిగింది. కుర్ర కానిస్టేబుల్ కిటికీలోంచి బయటపడ్డాడు, ఇంకొకడు తలుపులోంచి. ఇద్దర్నీ అటుగా పోతున్న బొగ్గు పడవ వాళ్లు కొక్కేలతో లాగి, గుర్తుగా నాలుగు తగిలించారు. వెనక బెంచీ నుంచి తలుపు దాకా రావడానికి మాత్రం అందరికన్నా ఎక్కువసేపు పడుతుంది. నక్షత్రాల పెద్దమనిషి రానేలేదు. నీటి మీద బుడగలు రెండు నిమిషాలు వచ్చి ఆగిపోయాయి.

రాబె ఒంటికాలి బూటుతో కూర్చుని దగ్గుతున్నాడు. గుడ్రున్ వేలాడే చేతిని పట్టుకుని ర్యాంపు దిగి, రాళ్ల మీద పడ్డ డ్రైవరు హెల్మెట్ లాగింది. ఎర్ర జుట్టు కుప్పగా జారింది. ఎడమ చెవి ఉండాల్సిన చోట రక్తం తప్ప ఏమీ లేదు.

"ఏం బూట్లే అవి," అంది రోజలిండ్ కళ్లు తెరిచి, మళ్లీ మూసుకుంది.

రాబె మధ్యాహ్నం విమానం ఎక్కాడు. అసలు ఆకుపచ్చ బండి జట్టు సాయంత్రం కొండ పక్క క్వారీలో దొరికింది. నలుగురు చచ్చిపోయి ఉన్నారు, నలుగురు తాళ్లతో కట్టేసి ఉన్నారు. గ్రూపు లీడరు గోళ్లు పదీ ఊడదీశాక కోడ్ చెప్పాడు, ఆ తర్వాత ఇంకెవరితోనూ మాట్లాడలేదు.

రెండు రోజుల తర్వాత గుడ్రున్ చెయ్యి కట్టుతో బాన్ ఆస్పత్రికి వెళ్లింది. గదిలో రోజలిండ్ తల సగం బ్యాండేజీలో ఉంది. మిగతా సగానికి లిప్‌స్టిక్ వేసుకుంది. గుడ్రున్ కుర్చీ లాక్కుని కూర్చుని, ఏం మాట్లాడాలో తెలియక, వాళ్లను ఎలా పట్టిందీ చెప్పడం మొదలుపెట్టింది. లీడరు వెనకనుంచి దిగడం, తిరిగి లెక్కపెట్టడం, తను వెంటనే పసిగట్టడం. స్ట్రోట్‌మాన్ దాన్ని రిపోర్టులో రెండుసార్లు మెచ్చుకున్నాడని కూడా చెప్పింది.

రోజలిండ్ ఓపిగ్గా వింది.

"వాణ్ణి వెనక కూర్చోమంది నేనే," అంది తర్వాత. "ముందు అద్దానికి బుల్లెట్లు ఆగవు, మీరు మాకు ముఖ్యం అన్నాను. వెంటనే ఎక్కి కూర్చున్నాడు. పెద్దవాళ్లంతా అంతే. మీ వాళ్లలో ఎవరికైనా ఆ ఒక్కటీ చూస్తే చాలుననుకున్నా. పదకొండేళ్లుగా ఉన్నాను ఈ దేశంలో, ఆ మాత్రం తెలీదా?"

గుడ్రున్ కట్టు కట్టిన చేతిని ఒళ్లో సర్దుకుంది.

"బండి నేను నడుపుతానని అడిగి మరీ ఎక్కాను. ఎందుకో తెలుసా? నువ్వు నా మాట వినవని ఆదివారమే తెలిసిపోయింది నాకు. మీ పోలీసుల వైర్‌లెస్‌లో క్రిప్ రేవు పేరు విని మా వాడు ఎగిరి గంతేశాడు."

"ఫోల్క్‌మార్..."

"వాళ్లు అతన్ని వారం నుంచీ వెంటాడుతున్నారు. నాకు తెలిసేసరికి అతను బేకరీలో ఉన్నాడు. పరిగెత్తాను. నా ఎత్తు మడమల బూట్లతో ఎంత పరిగెత్తగలను?"

కారిడార్లో ట్రాలీ చక్రాలు కిర్రుమంటూ పోయాయి. గుడ్రున్‌కు హారను మీద వాలిన హెన్నింగ్ తల, కెర్‌స్టెన్ గొంతు, క్వారీలో వరసగా కప్పిన నాలుగు దుప్పట్లు కళ్ల ముందు తిరిగాయి. కొండ దారిలో వెళ్లి ఉంటే వీళ్లంతా ఈపాటికి మధ్యాహ్నం కాఫీ తాగుతూ ఉండేవాళ్లు. వంతెనల కింద పోలీసులు మర్నాడు వెతికారు. పావురాలు తప్ప ఏమీ లేవు.

ఆమె దుప్పటి అంచు చూస్తూ ఏదో గొణిగింది.

"ఆ పక్క చెవి లేదుగా నాకు," అంది రోజలిండ్. "చెప్పేదేదో ఇటొచ్చి చెప్పు."

గుడ్రున్ లేచింది. మంచం చుట్టూ తిరిగి, చిట్లిన భుజాన్ని గోడకు తగలకుండా చూసుకుంటూ, కిటికీ వైపు వచ్చి నిలబడింది. స్ట్రోట్‌మాన్ తలుపు దగ్గర పూలగుత్తితో ఆగిపోయి ఉండటం చూసింది. చూసినా ఆగలేదు. ఇద్దరికీ వినపడేలా చెప్పింది.

"నది దారి తప్పు. నేనే తప్పు చేశాను."